హైదరాబాదులో పాట వినాలంటే ముందు క్యాలెండరు చూడండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: కాకినాడ నుంచి ఉద్యోగరీత్యా కొండాపూర్ వచ్చి 8 నెలలైనా, శనివారం రాత్రి రెస్టారెంట్లలో సినిమా పాటలు పాడే బ్యాండ్లు తప్ప వేరే కచేరీ ఏదీ మీ కంటపడలేదు. చెన్నైకి ధనుర్మాసంలో మార్గళి కచేరీల సీజన్ ఉన్నట్టు హైదరాబాదుకు సొంత సంగీతం, సొంత సీజన్ ఉన్నాయా, ఉంటే ఎక్కడ వినాలి అని మీ ప్రశ్న.

ఉన్నాయి, చాలా వరకు టికెట్టు కూడా లేదు. అయితే ఈ ఊళ్లో పాట ఫలానా హాలులో దొరుకుతుందని చెప్పడం కంటే, ఫలానా వారం, ఫలానా తిథి నాడు దొరుకుతుందని చెప్పడం సులువు. గురువారం రాత్రి నాంపల్లిలో ఖవాలీ, ఆషాఢంలో డప్పు, భాద్రపద అమావాస్య నుంచి 9 రోజులు బతుకమ్మ పాట, పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ పంచరత్నాలు, సంక్రాంతి దాటిన తర్వాత మల్లన్న కథ. మీరు వేదికల పేర్లతో వెతుకుతున్నారు కనుక ఫోను మీకు రెస్టారెంట్లనే చూపిస్తోంది.

నేను 27 ఏళ్లుగా ఈ నగరంలో సభలకు, జాతరలకు, పెళ్లిళ్లకు మైక్ సెట్ నడుపుతున్నాను. సంగీతం నేర్చుకున్నవాణ్ని కాను. ఎవరి గొంతుకు ఎంత శబ్దం కావాలో, ఏ వాద్యానికి మైకు ఎంత దూరంలో ఉండాలో తెలుసుకునే క్రమంలో వేల గంటలు విన్నాను కనుక, ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందుగా గురువారం సంగతి చెబుతాను, ఎందుకంటే దానికి మీరు ఏ పండుగ కోసమూ ఆగనక్కర్లేదు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాలో గురువారం రాత్రుళ్లు ఖవాలీ జరుగుతుంది. నాంపల్లి మెట్రో స్టేషనులో దిగితే నడిచి వెళ్లవచ్చు. తలకు రుమాలు కట్టుకోవాలి, సమాధికి వీపు పెట్టి కూర్చోకూడదు, చేతికి తోచినంత నజరానా ఇవ్వవచ్చు, ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనరు. అక్కడ గమనించవలసినది పాట కంటే పాడేవారి చూపు. ముఖ్య గాయకుడు వినేవారి ముఖాలను వెతుకుతూ ఉంటాడు. ఒక పాదం దగ్గర ఎవరి తలైనా ఊగిందంటే ఆ పాదాన్ని వదలడు. అదే మాటను పదిసార్లు, పదిహేనుసార్లు తిప్పి తిప్పి పాడతాడు, పక్కవాళ్లు చప్పట్లతో లయ బిగిస్తారు, హార్మోనియం పట్టిన వ్యక్తి కొత్త మలుపు అందిస్తాడు. ఆ మనిషి తేరుకున్నాకే తర్వాతి పాదం. అందుకే అదే పాటను హాలులో, స్టేజి లైట్ల వెనక నుంచి చీకట్లో కూర్చున్న జనానికి పాడినప్పుడు సగం తేలిపోతుంది. గాయకుడికి ముఖాలే కనిపించవు కదా. నేను హాలులో ఖవాలీకి పనిచేసిన ప్రతిసారీ, సభలోని దీపాలు పూర్తిగా ఆర్పవద్దని నిర్వాహకులను బతిమాలుకుంటాను.

ఈ ఖవాలీకి ఇక్కడ లోతైన వేరుంది. చివరి మొఘల్ బాదుషా బహదూర్ షా జఫర్ కొలువులో పాడిన తాన్‌రస్ ఖాన్, 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ చెదిరిపోయాక హైదరాబాదుకు చేరి ఇక్కడే కన్నుమూశాడు. ఆ వంశానికి చెందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పద్మశ్రీ అందుకున్న ఖవాల్, ఆయన మనవలే నేటి వార్సీ బ్రదర్స్. వారి పేరు ఏ కార్యక్రమంలో కనిపించినా వెళ్లండి. ఇలా బయటి నుంచి వచ్చి ఈ మట్టిలో కలిసిన గాయకుల్లో మరొకరు బడే గులాం అలీ ఖాన్. 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో మరణించిన ఆయన సమాధి పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్‌లో ఉంది.

ఇక ఆషాఢం. గోల్కొండ కోటలో జగదాంబిక అమ్మవారికి తొలి బోనంతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజ సింహవాహిని వరకు నెల రోజులపాటు బోనాల జాతర నగరమంతా తిరుగుతుంది. మీరు అడిగిన 'సీజన్' అనే మాటకు హైదరాబాదులో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదేనని నా అభిప్రాయం. కొందరు దీన్ని సంగీతమనడానికి ఒప్పుకోరు, గోల అంటారు. అటువంటివారిని నేను లాల్‌దర్వాజ సందులో డప్పు కాచే చోటికి తీసుకువెళ్లి నిలబెడతాను.

ఆషాఢమంటే వాన. వానకు తోలు మెత్తబడి డప్పు 'దబ్ దబ్' మని మూగగా పలుకుతుంది. ఒక ఏడాది సన్న జల్లు పడుతున్నప్పుడు, మూసివున్న దుకాణం షట్టరు కింద ఇద్దరు కుర్రవాళ్లు అట్టపెట్టెలు చింపి మంట వేస్తున్నారు. వారి పెద్దాయన డప్పును మంటకు జానెడు ఎత్తున పట్టుకొని, రొట్టె కాల్చినట్టు మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్యలో చిటికెన వేలితో అంచు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. ఒక పక్క ఇంకా పచ్చిగా ఉందన్నట్టు మళ్లీ ఆ పక్కే మంటకు చూపించాడు. నాలుగోసారి తట్టినప్పుడు 'కణ్' మంది. ఆయన ఏమీ అనకుండా కుడిచేతికి చిర్ర, ఎడమచేతికి చిటికెన పుల్ల తీసుకున్నాడు. వీణ బిరడాలు తిప్పి శ్రుతి చేసుకునే విద్వాంసుడి ముఖంలో ఉండే ఏకాగ్రతే ఆ ముఖంలో చూశాను. చిర్ర పొట్టిగా, లావుగా ఉండి తోలు నడుమ బలమైన దెబ్బ ఇస్తుంది, చిటికెన పుల్ల పొడుగ్గా, సన్నగా ఉండి అంచున సన్నని చప్పుడు నింపుతుంది. ఈ రెండింటి సంభాషణే మీరు తీన్‌మార్ అని వినే నడక. ఇప్పుడు కాచవలసిన పనిలేని ఫైబర్ డప్పులు వచ్చాయి. వాటి నాదం నా చెవికి చప్పగా ఉంటుంది. అయినా వానలో పది గంటలు నడిచి వాయించే మనిషి వాటిని ఎంచుకుంటే తప్పు పట్టను.

డప్పు వినడానికి ఊరేగింపు నడుమలోకి వెళ్లకండి. ఈ రోజుల్లో అక్కడ డీజే బండ్లు ముంచేస్తాయి. ఉదయం పూట, వీధి గుడి నుంచి బోనాలు బయలుదేరే వేళ, డప్పులు మాత్రమే ఉండే గంటన్నర అసలైన సమయం. పాతబస్తీ జాతరలో అక్కన్న మాదన్న ఆలయం నుంచి ఏనుగు మీద అమ్మవారి కలశం, అంటే ఘటం, బయలుదేరే ఊరేగింపును కూడా ఒక్కసారి చూడండి.

గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులైన ఆ అక్కన్న మాదన్నల మేనల్లుడే కంచెర్ల గోపన్న, మనకు తెలిసిన భక్త రామదాసు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టి, తానీషా కాలంలో గోల్కొండ కోటలో ఖైదు అనుభవించి, ఆ గోడల మధ్య రాముణ్ని నిలదీస్తూ, బతిమాలుతూ పాడిన కీర్తనలు త్యాగరాజుకు దారి చూపాయి, త్యాగరాజు తన కృతుల్లో ఆయనను పేరు పెట్టి తలచుకున్నాడు. కోటలో ఆ బందీఖానా ఇప్పటికీ ఉంది. మీరు కోటకు వెళ్లే ఉంటారు, బహుశా ఆ గది ముందు ఫోటో తీసుకొని వచ్చేసి ఉంటారు. రామదాసు కీర్తనను కచేరీలో వినడం ఒక పద్ధతి, బాలమురళీకృష్ణ గారి గొంతులో ఇంటింటికీ చేరినది అదే. నాకు ఇంకా ఇష్టమైన పద్ధతి బస్తీ భజన మండలి. కూరగాయల కొట్టు యజమాని, ఆటో డ్రైవరు, రిటైరైన క్లర్కు కలిసి హార్మోనియం, ఢోలక్, చిడతలతో శనివారం రాత్రి గుడి మండపంలో పాడతారు. అక్కడ శ్రుతి అటూ ఇటూ అవుతుంది, కాని ఖైదులో ఉన్న మనిషి చిరాకు, అలక ఆ గొంతుల్లో ఉన్నట్టు కచేరీలో అరుదుగా ఉంటాయి. మీ కొండాపూర్‌లోనే పాత గ్రామం వైపు గుడిలో అడిగి చూడండి.

శాస్త్రీయ కచేరీల విషయం మీకు సులువుగానే తెలుస్తుంది కనుక తొందరగా చెబుతాను. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ, రవీంద్రుని శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి, నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం సభామందిరం, మాదాపూర్ శిల్పారామం, ఈ నాలుగింటి మీద కన్ను వేయండి. మెట్రోలో గానసభకు చిక్కడపల్లి స్టేషను, రవీంద్రభారతికి అసెంబ్లీ స్టేషను దగ్గర. దినపత్రికల హైదరాబాదు పేజీల్లో 'నగరంలో నేడు' తరహాలో వచ్చే చిన్న ప్రకటనలు ఫోనులోని యాప్‌ల కంటే నమ్మకమైనవి. పుష్య బహుళ పంచమికి జరిగే త్యాగరాజ ఆరాధనల్లో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఘనరాగ పంచరత్నాలను బృందంగా పాడతారు. మీకు పాడటం వచ్చి ఉంటే పుస్తకం పట్టుకొని వెనక వరుసలో కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. హిందుస్థానీ మీద ఆసక్తి ఉంటే పండిత జస్‌రాజ్ తన తండ్రి మోతీరాం, అన్న మణిరాంల పేరిట మొదలుపెట్టిన ఉత్సవం నవంబరు చివర్లో జరుగుతుంది. మోతీరాం గారు 1934లో ఈ నగరంలోనే మరణించారు. చిన్న జస్‌రాజ్ బడి ఎగ్గొట్టి ఇక్కడి ఒక చిన్న హోటల్లో కూర్చొని బేగం అఖ్తర్ రికార్డు వినేవారని ఆయనే చెప్పుకున్నారు. హైదరాబాదు హోటళ్లకు పాటతో సంబంధం నిన్న మొన్నటిది కాదన్నమాట!

ఒగ్గు కథ గురించి మాత్రం తొందరపడలేను. కురుమల ఇంటి పూజారులైన ఒగ్గువారు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను పాటగా, మాటగా, ఆటగా చెబుతారు. ఒగ్గు అంటే శివుని డమరుకం. డోలు, తాళాలు, నపీర అనే ఊదే వాద్యం తోడుంటాయి. సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన చుక్క సత్తయ్య గారు ఈ కళను గ్రామపు పందిరి నుంచి నగర వేదికకు తెచ్చారు. సంక్రాంతి తర్వాత తొలి ఆదివారాన్ని కొమురవెల్లి జాతరలో 'పట్నం వారం' అంటారు. హైదరాబాదు నుంచి వెళ్లే భక్తులదే ఆ వారం, పేరులో పట్నం అంటే మన ఊరే. ఆ రోజుల్లో ఇక్కడి యాదవుల, కురుమల బస్తీల్లోనూ మల్లన్న పట్నాలు, అంటే రంగుల పొడులతో నేల మీద పెద్ద ముగ్గులు వేస్తారు, అక్కడ కథ వినవచ్చు.

నేను తొలిసారి ఒగ్గు కథకు మైకు పెట్టినప్పుడు, ఆర్కెస్ట్రాలో గాయకులకు పెట్టినట్టే ఎకో కలిపాను. గొప్పగా ఉంటుందనుకున్నాను. కథకుడు అరగంట ఓపిక పట్టి, మల్లన్న అడవిలో నడిచే ఘట్టంలో, పాత్రలోంచి బయటకు రాకుండానే తన తోడువాడితో అన్నాడు: "ఏందిరా, నా గొంతు బాయిల పడ్డట్టు ఇనబడుతాంది, ఆ మైకాయనకు జెప్పు, తాడేసి గుంజుమను." పందిరంతా నవ్వింది. ఎకో తీసేశాను. మాట, పాట, సామెత ఒకదానిమీద ఒకటి పడి పరుగెత్తే కథకు ప్రతి అక్షరం విడిగా వినపడాలని ఆ రాత్రి తెలిసింది. అప్పటి నుంచి కథకైనా, బుర్రకథకైనా మిక్సర్ మీద ఆ బటన్ ముట్టుకోలేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. పాత రోజుల్లో ఈ కథలు తెల్లవార్లూ సాగేవి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, ప్రత్యేక మినహాయింపు ఉన్న కొద్ది రోజులు వేరు. కనుక నగరంలో కథ ఇప్పుడు రెండు గంటలకు కుదించుకుపోయింది. నియమం అవసరమే, ఆసుపత్రి పక్కన బాక్సులు పెట్టమంటే నేనే పెట్టను. నష్టమూ నిజమే. నిదానంగా విప్పే ఘట్టాలు పోయి, చప్పట్లు వచ్చే ఘట్టాలు మిగిలాయి. పూర్తి కథ కావాలంటే జనగామ, సిద్దిపేట వైపు ఊళ్లకు వెళ్లి, మైకు లేకుండా వినాలి. మైక్ సెట్టాయన ఈ మాట చెబుతున్నాడని నవ్వుకోకండి.

కిన్నెర సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, దానికి మైకు లేకపోతే పది వరుసల అవతల వినపడదు. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మెట్లను అతికించే తేనెమైనం, ఇవి దాని శరీరం. 2022లో పద్మశ్రీ అందుకున్న నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య గారి వల్ల పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలను ఆ తీగ మీద పాడుకుంటూ బతికిన కుటుంబాలవి. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ వార్షికోత్సవానికి మరో కిన్నెర కళాకారుణ్ని పిలిచి, సరిగ్గా భోజనాల వేళ అయిదు నిమిషాలు ఇచ్చారు. పళ్లేల చప్పుడులో మెట్ల మీది స్వరం మునిగిపోతుంటే నేను శబ్దం పెంచాను, పెంచేకొద్దీ బాక్సులు కూతపెట్టాయి. చివరికి మైకును బుర్రకు బెత్తెడు దూరానికి తెచ్చి, వాద్యానికి మాత్రమే ఉంచి, పాటకు ఆయన గొంతునే వదిలేశాను. ముందు రెండు బల్లల వాళ్లు తినడం ఆపి విన్నారు. కథ పూర్తయ్యేవరకు ఆయన ఆపలేదు, అయిదు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఇక ఆపించమని నిర్వాహకులు చీటీ రాసి నా చేతికి ఇచ్చారు, నేను అందుకొని జేబులో పెట్టుకున్నాను.

పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా అనే డోళ్ల మేళం తప్పక వినండి. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సిద్దీల, అరబ్బుల వారసత్వం అది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటే నేటి ఏసీ గార్డ్స్, సైనికుల బ్యారక్సు పేరు అరిగి బార్కస్ అయింది. ఆ పెళ్లిళ్లలోనే ఆడవాళ్లు ఇంటి లోపల ఢోలక్ పట్టుకొని పాడే దక్కనీ 'ఢోలక్ కే గీత్' ఉంటాయి, అత్తగారిని, మరిదిని ఉతికి ఆరేసే పాటలు. అవి ఏ వేదిక మీదా సరిగా దొరకవు. సహోద్యోగి ఇంటి నుంచి పెళ్లి పిలుపు వస్తే మీ ఇంట్లోని ఆడవాళ్లతో కలిసి వెళ్లండి, వాళ్లు విని వచ్చి మీకు చెబుతారు.

బ్యాండ్లను నేను తక్కువ చేయడం లేదు. సికింద్రాబాదులో కంటోన్మెంటు, లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వల్ల గిటారు, డ్రమ్ములు ఇక్కడ మూడు నాలుగు తరాల నాటివి. ఇప్పుడు చౌరస్తా వంటి బ్యాండ్లు తెలుగులో సొంత పాటలు రాసుకొని పాడుతున్నాయి. సమస్యల్లా రెస్టారెంట్ల పద్ధతిలో ఉంది. తినేవారు సినిమా పాటలే అడుగుతారని యజమానులు ముందే జాబితా ఇస్తారు, సొంత పాట పాడితే తర్వాతి వారం పిలుపు రాదు. కనుక అదే కుర్రాళ్లను వారి సొంత పాటల కార్యక్రమంలో వినండి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో అటువంటివి తరచుగా జరుగుతాయి. ఆరుబయట రాళ్ల మధ్య కూర్చోవడం, చాయ్, సమోసా. అక్కడ పాటకూ మాటకూ మధ్య వినేవారు నిశ్శబ్దంగా ఉంటారు, శబ్దం చూసుకునేవాడిగా నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

బతుకమ్మకు నేను చెప్పేది ఒక్కటే. ట్యాంక్‌బండ్ మీద చివరి రోజున వేల మంది ఆడే సద్దుల బతుకమ్మను చూడండి, కాని పాట వినడానికి మీ అపార్టుమెంటు వెనక ఉన్న బస్తీకి మూడో రోజో నాలుగో రోజో వెళ్లండి. అక్కడ స్పీకరు ఉండదు. ఒక ముసలమ్మ పాదం అందుకుంటుంది, మిగిలినవారు 'ఉయ్యాలో' అని చప్పట్ల మీద తిరుగుతారు. మరచిపోయిన పాదం దగ్గర వలయం ఒక్క క్షణం తడబడి, ఎవరో గుర్తుచేయగానే మళ్లీ కదులుతుంది.

ఇప్పటికి గురువారం రాత్రితో మొదలుపెట్టండి. రాత్రి భోజనం ముగించుకొని తీరిగ్గా వెళ్లండి, తొందరలో ఉన్నవారికి ఖవాలీ ఎక్కదు. వెళ్లేటప్పుడు మెట్రో చివరి బండి సమయం చూసుకోండి, తిరుగు ప్రయాణానికి ఆటో ఛార్జీ జేబులో ఉంచుకోండి, ఎందుకంటే మంచి పాదం దగ్గర లేచి రావడం నాకు ఇన్నేళ్లలోనూ చేతకాలేదు.